పనిని చెప్పే మాటలన్నీ క్రియలు కావు

సంపాదకులు గారికి,

నమస్కారములు. మీ పత్రిక ఆదివారం విద్యార్థుల పుటలో ఇటీవల ఇంగ్లీషు వ్యాకరణ పాఠం ఒకటి వచ్చింది. మనుషులకు, స్థలాలకు, వస్తువులకు పేర్లుగా ఉండే మాటలు నౌన్లనీ (నామాలనీ), పనిని తెలిపే మాటలు వెర్బులనీ (క్రియలనీ) రెండు వాక్యాలలో చెప్పి, కింద పది వాక్యాలిచ్చి, వాటిలోని వెర్బులను గుర్తించి గీత గీయమన్నారు. చెన్నై పెరంబూరులో మా వీధిలోనే ఉండే అయిదో తరగతి పిల్లవాడు ఆ పుటను కత్తిరించి, నోటుపుస్తకంలో అంటించి, శ్రద్ధగా పూర్తి చేసి నాకు చూపించడానికి తెచ్చాడు. నేను ఈ నగరంలో ముప్ఫై నాలుగేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. సాయంత్రాలు నలుగురైదుగురు పిల్లలు వచ్చి కూర్చుంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు.

మొదటి వాక్యం "మదర్ వాటర్స్ ద ప్లాంట్స్ ఎవ్రీ మార్నింగ్". పిల్లవాడు "మార్నింగ్" కింద గీత గీశాడు. ఎందుకని అడిగాను. "వాటర్ అంటే నీళ్ళు కదా తాతగారూ, అది వస్తువు. చివర ఇంగ్ ఉంటే వెర్బ్ అని మా మిస్ చెప్పారు" అన్నాడు. వాడి తర్కంలో నాకు లోపం కనిపించలేదు. మెట్రో వాటర్ లారీ కోసం బిందెలు వరుసలో పెట్టే ఊళ్ళో పెరిగిన పిల్లవాడికి వాటర్ అన్నది పట్టుకుని మోయవలసిన పదార్థమే తప్ప చేసే పని ఎలా అవుతుంది? మీ పుటలోని నిర్వచనాన్ని వాడు తు.చ. తప్పకుండా పాటించాడు, తప్పు వచ్చింది. కాబట్టి ఆ తప్పును వాడి ఖాతాలో వేయడం న్యాయం కాదని ఈ లేఖ రాస్తున్నాను.

వాడు "మార్నింగ్"ను ఎంచుకోవడానికి ఇంకొక కారణం కూడా ఉండవచ్చునని నా అనుమానం. తెలుగులో గానీ, వాడు బడిలో చదివే తమిళంలో గానీ క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. "అమ్మ రోజూ పొద్దున మొక్కలకు నీళ్ళు పోస్తుంది" అన్నప్పుడు చివరి మాట పట్టుకుంటే చాలు, క్రియ దొరుకుతుంది. ఇంగ్లీషు వాక్యంలో క్రియ కర్త పక్కనే కూర్చుని, చివరి చోటు పొద్దుటికీ సాయంత్రానికీ వదిలేస్తుంది. మార్నింగ్, ఈవినింగ్, సీలింగ్, బిల్డింగ్ అనే మాటల కింద గీతలు గీసిన కాగితాలను నా ఉద్యోగ జీవితంలో ఎన్ని దిద్దానో లెక్క పెట్టలేదు.

పేరును చెప్పేది నౌన్, పనిని చెప్పేది వెర్బ్ అనే నిర్వచనం రెండు వైపులా చిల్లులు పడిన కుండ. పెళ్ళి, ప్రయాణం, పరీక్ష, భూకంపం ఇవన్నీ జరిగే పనులే, అయినా ఇంగ్లీషులో వెడ్డింగ్, జర్నీ, ఎగ్జామినేషన్, ఎర్త్‌క్వేక్ అనేవి నౌన్లు. మరొక వైపు నో (తెలిసి ఉండడం), బిలాంగ్, రిజెంబుల్, హావ్ అనే మాటలలో ఎవరూ ఏ పనీ చేయరు, అవి మాత్రం వెర్బులు. "షి ఈజ్ టాల్" అనే వాక్యంలో పని ఎక్కడుందో చూపమంటే ఏ ఉపాధ్యాయుడూ చూపలేడు; ఈజ్ వెర్బ్ అని కంఠస్థం చేయమంటాడు.

ఈ చిక్కును మన పూర్వులు ఏనాడో గమనించారు. వేదపదాల అర్థాలను వివరించే నిరుక్తం రచించిన యాస్కుడు క్రియలో భావం, అంటే జరగడం, ప్రధానమనీ, నామాలలో సత్త్వం, అంటే వస్తువుగా ఉండడం, ప్రధానమనీ చెప్పి అక్కడితో ఆగలేదు. మొదలు నుంచి చివరి దాకా ఒకదాని తరువాత ఒకటిగా జరిగిపోతున్న వ్యాపారాన్ని, అంటే పనిని, వ్రజతి, పచతి వంటి క్రియలు చెబుతాయనీ, అదే వ్యాపారం గడ్డకట్టి ఒక వస్తువులాగా నిలిచినప్పుడు దాన్ని వ్రజ్యా, పక్తి వంటి నామాలు చెబుతాయనీ వివరించాడు. తెలుగులో చెప్పుకుంటే నడుస్తాడు, నడక, వండుతాడు, వంట. పని రెండింటిలోనూ ఒకటే. పారుతున్న నీరు ఒకటి, పేరుకున్న మంచు ఒకటి. "ఐ వాక్" అన్నప్పటి వాక్‌కూ, "ఎ లాంగ్ వాక్" అన్నప్పటి వాక్‌కూ ఉన్న భేదం సరిగ్గా ఇదే. పనిని తెలిపేది క్రియ అని చెప్పి ఊరుకుంటే నడక, వంట ఎటు పోవాలి?

అర్థాన్ని బట్టి కాక రూపాన్ని బట్టి విడదీసే పద్ధతి కూడా మన దగ్గర ఉంది. పాణిని పదాన్ని నిర్వచించేటప్పుడు సుప్పులు చివర ఉన్నది, తిఙ్ఙులు చివర ఉన్నది అని రెండు తరగతులు చేశాడు. అంటే విభక్తులు తగిలేది ఒకటి, క్రియా ప్రత్యయాలు తగిలేది ఒకటి. ఈ నగరంలో మన పిల్లలు చదివే తమిళానికి మూలగ్రంథమైన తొల్కాప్పియం ఇంకా సూటిగా చెప్పింది: విభక్తిని తీసుకోనిది, కాలంతో పాటు కనిపించేది క్రియ. పని అన్న ప్రసక్తి ఈ సూత్రంలో లేదు. పదేళ్ళ పిల్లవాడు చేతితో పట్టుకుని ఉపయోగించుకోగలిగిన సూత్రం ఇది.

ఆ సూత్రాన్నే నేను పిల్లవాడికి ఇచ్చాను. వాక్యంలో నిన్న అనే మాట చేర్చి మళ్ళీ చదవమన్నాను. "మదర్ వాటర్డ్ ద ప్లాంట్స్ ఎస్టర్డే మార్నింగ్" అన్నాడు. మేము చేర్చిన మాటను పక్కన పెడితే, ఏ మాట రూపం మారిందని అడిగాను. వాడు కాసేపు వాక్యం వైపు చూసి, "వాటర్ మారింది తాతగారూ" అని తనే నవ్వాడు. మదర్ మారలేదు, ప్లాంట్స్ మారలేదు, మార్నింగ్ మారలేదు. కాలం మారితే రూపు మార్చుకున్న మాట ఏదో అదే క్రియ. మీ పుటలోని పది వాక్యాలలో ఎనిమిదింటికి ఈ ఒక్క పరీక్ష సరిపోయింది.

అన్నిటికీ సరిపోతుందని నేను చెప్పను. కట్, పుట్, హిట్ వంటి క్రియలు నిన్నటికీ నేటికీ ఒకే రూపంలో ఉంటాయి. వాటికి షి అనే కర్తను పెట్టి చూడాలి. షి కట్స్, షి పుట్స్ అని చివర ఎస్ చేరుతుంది. అయితే అదే ఎస్ నామాల చివర బహువచనంగా కూడా వస్తుంది గనుక, ఎస్ కనబడగానే క్రియ అని గంతు వేయకూడదు. "హి వాక్స్" లో ఉన్నది క్రియ, "మార్నింగ్ వాక్స్" లో ఉన్నది నామం. ఇంగ్లీషువాళ్ళు రెండు పనులకు ఒకే అక్షరంతో సరిపెట్టుకోవడం మన పిల్లల దురదృష్టం.

మాట చివర ఏముందో చూసి తేలనప్పుడు మాట ముందు ఏముందో చూడాలి. తెలుగులో వ్యాకరణం మాట తోకలో ఉంటుంది. ఇంగ్లీషులో ఎక్కువ భాగం మాట ముందు నడుస్తుంది. ఈ సంగతి పిల్లలకు చెప్పడానికి నేను ఏళ్ళ తరబడి వాడిన ఉదాహరణ త్యాగరాయనగర్‌లోని పానగల్ పార్కు. పండుగ ముందు అక్కడికి బట్టలు కొనడానికి బండి మీద వెళ్ళిన ప్రతివారికీ తెలిసిన వాక్యం ఒకటుంది: "దేర్ ఈజ్ నో ప్లేస్ టు పార్క్ నియర్ ద పార్క్." రెండు పార్కులలో మొదటిదాని ముందు టు ఉంది, రెండోదాని ముందు ద ఉంది. ద, ఎ, మై వంటివి ముందుంటే వెనుక ఎక్కడో ఒక నామం వచ్చి తీరుతుంది. మధ్యలో బిగ్, ఓల్డ్ వంటి విశేషణాలు దూరినా సరే. కెన్, విల్, మస్ట్, డోంట్ వంటివి ముందుంటే వచ్చేది క్రియ. టు మాత్రం రెండు పడవల మీద కాలు పెట్టిన మాట. "వాంట్ టు గో" లో క్రియకు ముందు నిలబడింది, "గో టు స్కూల్" లో మన కు, కి లాగా విభక్తి పని చేసింది. "ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యూ" అని ఉద్యోగ దరఖాస్తులలో రాసే పెద్దలు కూడా ఈ రెండో టును మొదటి టు అనుకుని పొరబడినవారే. అక్కడ మీటింగ్ అనాలి, ఎందుకంటే ఆ టు తన వెనుక నామాన్ని అడుగుతుంది.

అర్థం తెలియకపోయినా ఈ పరీక్షలు పని చేస్తాయని రుజువు చేయడానికి నేను తరగతిలో అర్థం లేని వాక్యాలు రాసేవాణ్ణి. "ఆ తింబడు నా మొకిలిని గుబికాడు" అంటే ఏమిటో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. అయినా గుబికింది ఎవరో, గుబకబడింది ఏదో, ఆ వ్యవహారం అయిపోయిందో లేదో తెలుగు పిల్లలందరూ చెప్పేస్తారు. ని అనే విభక్తి నామాన్ని పట్టించింది, ఆడు అనే తోక క్రియను పట్టించింది. ఆ తరువాత "ద డింబ్స్ విల్ గోర్క్ మై ప్లిబ్" అని నల్లబల్ల మీద రాస్తే, క్రియ గోర్క్ అని వెనుక బెంచీ నుంచి కూడా సమాధానం వచ్చేది. పని ఏమిటో తెలియకుండానే క్రియ దొరికిందంటే, క్రియను గుర్తించడానికి పనితో నిమిత్తం లేదని వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన పిల్లలకే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది, దానిని ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు రాసేవారు ఊహించలేరు. మనం మాట్లాడే తెలుగులోకి ఇంగ్లీషు క్రియ ఎప్పుడూ క్రియగా రాదు. డిసైడ్ చేశాను, డిస్కస్ చేద్దాం, అడ్జస్ట్ అయ్యాను, ఫెయిల్ అయ్యాడు అంటాం. అంటే ఆ ఇంగ్లీషు మాటను కదలిక లేని ముద్దగా చేసి, కదలికను చేయు, అవు అనే మన క్రియల మీద వేస్తాం. చెవికి అలవాటైన ఈ పద్ధతి వల్ల సక్సెస్, సక్సీడ్ అనే రెండు మాటలు పిల్లవాడికి ఒకే తూకంగా వినిపిస్తాయి. సక్సెస్ అయ్యాను అన్నది కాస్తా "ఐ యామ్ సక్సెస్" అయిపోతుంది. ఫెయిల్ అయ్యాను అన్నది "ఐ యామ్ ఫెయిల్" అవుతుంది. "గివ్ మి ఎ సజెస్ట్" అని రాసిన విద్యార్థికి సజెషన్ అనే మాట తెలియక కాదు. సజెస్ట్ చేయండి అనే వాడుకలో సజెస్ట్ నామంలా కూర్చుని ఉంది గనుక అది నామమే అనుకున్నాడు. ఈ తెలుగు వాడుకలోనే తప్పు దిద్దే సాధనం కూడా ఉంది. "టికెట్ బుక్ చేశాను" అంటాం, "బుక్కు కొన్నాను" అంటాం. ఉకారం తగిలించుకుని, ను, కు, లు చేర్చుకుని తెలుగు నామంలా తిరిగే బుక్కు ఇంగ్లీషులోనూ నామం. పక్కన చేయు ఉంటే తప్ప నిలవలేని బుక్ ఇంగ్లీషులో క్రియ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు పిల్లల ముఖాలు వెలగడం నేను చాలాసార్లు చూశాను.

రెండో ఇబ్బంది క్రియ లేని వాక్యం. "అతను మా అన్న" అనే వాక్యంలో క్రియ లేదు, తమిళంలో "అవన్ ఎన్ అణ్ణన్" అన్నా లేదు. ప్రతి ఇంగ్లీషు వాక్యానికీ క్రియ తప్పదని చెప్పకుండా క్రియను వెతకమంటే, ఈజ్ అనే చిన్న మాట పిల్లవాడి కంటికి ఆనదు. కాలాన్ని మార్చి చూడమంటే ఈజ్ వెంటనే వాజ్ అయి బయటపడుతుంది.

ఇంగ్ చివర గల మాటల గురించి కొంచెం విస్తరించి రాయడానికి అనుమతించండి, ఎక్కువ మార్కులు పోయేది అక్కడే. రీడింగ్ అనే ఒక్క ఇంగ్లీషు రూపాన్ని తెలుగులో చెప్పబోతే మూడు ముక్కలవుతుంది. "షి ఈజ్ రీడింగ్" అంటే చదువుతోంది, "రీడింగ్ ఈజ్ గుడ్" అంటే చదవడం మంచిది, "రీడింగ్ రూమ్" అంటే చదివే గది. మొదటిది ఈజ్‌తో కలిసి క్రియ, రెండోది నామం పని చేస్తోంది, మూడోది మరో మాటకు విశేషణంగా అతుక్కుంది. ఈ మూడింటినీ విడదీసే ప్రత్యయాలు తెలుగు పిల్లవాడి నోటిలో పుట్టుకతోనే ఉన్నాయి. తెలుగులోకి మార్చి చూసుకో అని ఒక్క మాట చెబితే చాలు. ఈ నగరంలోనే ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పని చేసిన చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో క్రియా పరిచ్ఛేదం ముగించి, ధాతువు నుంచి పుట్టే ఇటువంటి రూపాల కోసం కృదంత పరిచ్ఛేదాన్ని వేరుగా పెట్టారు. అది చదివిన తరం వారికి ఇంగ్లీషువారి జెరండ్ (నామంగా పని చేసే ఇంగ్ రూపం) అంటే భయం ఉండేది కాదు.

బిల్డింగ్ అనే మాటకు మన దగ్గర అచ్చంగా సరిపోయే జోడీ కూడా ఉంది. "ఇల్లు కట్టడం కష్టం" అంటాం, "రిపన్ బిల్డింగ్ పాత కట్టడం" అంటాం. మొదటి కట్టడం జరుగుతున్న పని, రెండో కట్టడం రాయీ ఇటుకా. రెండో కట్టడానికి కట్టడాలు అనే బహువచనం ఉంది, మొదటిదానికి లేదు. ఇంగ్లీషులోనూ టూ బిల్డింగ్స్ అని లెక్కపెట్టగలిగింది ఇటుకల బిల్డింగ్‌నే. ఇక మార్నింగ్, సీలింగ్ అనేవాటిలోంచి ఇంగ్ తీసేస్తే మార్న్, సీల్ (ముద్ర వేసే సీల్ వేరు) అని మిగిలేవి నేటి వాడుకలో మనకు పనికొచ్చే క్రియలు కావు గనుక వాటి జోలికి పోనక్కరలేదని చెబితే సరి.

ఉచ్చారణ విషయం క్లుప్తంగా చెబుతాను. రికార్డ్, పర్మిట్, ప్రెజెంట్ వంటి మాటలను ఇంగ్లీషువారు నామంగా పలికేటప్పుడు మొదటి అక్షరాన్నీ, క్రియగా పలికేటప్పుడు రెండో అక్షరాన్నీ ఊనుతారు. మన భాషలో అటువంటి ఊనికకు అర్థభేదం లేదు గనుక మన చెవి దాన్ని పట్టదు. యూస్ అని నామాన్నీ, యూజ్ అని క్రియనూ, అడ్వైస్ అని నామాన్నీ, అడ్వైజ్ అని క్రియనూ పలకాలని చెప్పినా, మనం అన్నిటినీ ఒకే విధంగా యూజు, అడ్వైజు అనేస్తాం. ప్రాక్టీస్‌లో నామానికి సి, క్రియకు ఎస్ రాయాలనే నియమం బ్రిటిష్ వర్ణక్రమానిది; అమెరికావారు రెండింటికీ సి తోనే రాస్తారు. ఫోనులోని అక్షరదోష సవరణను నమ్ముకున్న పిల్లలు ఏది ఎవరిదో తెలియక కలగాపులగం చేస్తున్నారు.

పిల్లవాడు అడిగిన ఇంకో ప్రశ్నకు కూడా ఇక్కడే సమాధానం రాస్తాను, ఎందుకంటే అది మంచి ప్రశ్న: ఒకే మాటను రెండింటికీ ఎందుకు పెట్టుకున్నారు, వేరు మాటలు లేవా? ఉండేవి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ప్రేమ అనే నామం లుఫు, ప్రేమించు అనే క్రియ లుఫియన్. ఆ భాషకు కూడా మనకున్నట్టే చివర ప్రత్యయాలు ఉండేవి. తరువాతి శతాబ్దాలలో ఆ తోకలు అరిగి రాలిపోయి, రెండూ లవ్ అనే మోడుగా మిగిలాయి. తోకలు చేసే పనిని వాక్యంలోని చోటు చేయవలసి వచ్చింది. అందువల్లనే ఏ నామాన్నయినా క్రియ చోట నిలబెట్టి క్రియగా వాడుకునే సౌకర్యం ఆ భాషకు వచ్చింది. ఒక కంపెనీ పేరైన గూగుల్ కూడా క్రియగా మారి 2006లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులోకి ఎక్కింది. మనకూ నవ్వు, చదువు, అడుగు, వెలుగు వంటి జంట మాటలు ఉన్నాయి. నవ్వును, నవ్వింది అనేవాటి తోకలు రాలిపోలేదు గనుక మనకు తికమక లేదు.

కాబట్టి నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. విద్యార్థుల పుటలో నౌన్, వెర్బ్ పాఠం మళ్ళీ వేసేటప్పుడు విడి మాటల జాబితాలు ఇచ్చి ఇది నౌన్, అది వెర్బ్ అని ముద్ర వేయవద్దు. వాటర్ అనే మాట వాక్యంలోకి రానంత వరకు అది ఏ తరగతికీ చెందదు. టికెట్ తీసుకోని ప్రయాణికుడికి సీటు నంబరు ఉండదు కదా. ఒకే మాటను రెండు వాక్యాలలో రెండు విధాలుగా వాడి చూపించండి, కాలం మార్చి చదవమనండి, ముందున్న మాటను చూడమనండి, తెలుగులోకి మార్చుకోమనండి. ఇంగ్లీషు తరగతిలో తెలుగు గానీ తమిళం గానీ పలికితే జరిమానా వేసే బడులు ఇంకా ఉన్నాయని పిల్లలు చెబుతుంటారు. ఆ బడుల ఉపాధ్యాయులు కూడా మీ పత్రిక చదువుతారు గనుక ఈ మాట అచ్చులో ఉండడం మంచిదనుకుంటున్నాను.

చివరగా ఒక సవరణ. మరుసటి ఆదివారం మీరు ప్రచురించిన సమాధానాలలో మొదటి వాక్యానికి వాటర్స్ అని సరిగానే ఇచ్చారు. ఏడో వాక్యం "స్విమ్మింగ్ ఈజ్ ఎ గుడ్ ఎక్సర్‌సైజ్". దానికి మీరిచ్చిన సమాధానం స్విమ్మింగ్. పిల్లవాడు మాత్రం నిన్న అని చేర్చి చదివి, ఈజ్ వాజ్ అయిందనీ, స్విమ్మింగ్ కదల్లేదనీ, పైగా తెలుగులో అది ఈదడం అవుతుందనీ చెప్పి ఈజ్ కింద గీత గీశాడు. వాడు రాసిందే సరైనది. వచ్చే ఆదివారం ఆ సవరణ వేయగలరని కోరుతున్నాను; వాడు కత్తెర పట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

ఇట్లు,
విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు,
పెరంబూరు, చెన్నై.